రోగిని అడిగే ముందు ఊరిని అడగండి



నేను గోండు మాస్టర్ని. డి.ఎడ్. చదివి, ఇరవై ఏళ్లకు పైగా ఉట్నూరు ఏజెన్సీలోని చిన్న బడుల్లో పిల్లలకు చదువు చెబుతున్నాను. చరిత్ర మీద పెద్ద చదువులు చదవలేదు. అయినా 2023లో డాక్టరు చదువు చదివే పిల్లలకు ఒక ఊరి చరిత్రను ఎలా తెలుసుకోవాలో చెప్పే పని నా మీద పడింది. ఆ పని చేస్తుంటే నేను ఎప్పుడో మరిచిపోయిన నా తప్పు ఒకటి బయటపడింది. దాన్ని కూడా దాచకుండా ఇక్కడ రాస్తున్నాను. మన గూడేలకు ఇకముందు వచ్చే డాక్టర్లకూ, వాళ్లను వెంటబెట్టుకుని తిరిగే మాలాంటి మాస్టర్లకూ ఇది పనికొస్తుందని నా ఆశ.

రెండు గీతల ఖాళీ

ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. పిల్లలు మొదటి ఏడాది నుంచే ఊళ్లకు వెళ్లాలి. జాతీయ వైద్య కమిషన్ పెట్టిన కుటుంబ దత్తత కార్యక్రమం అది. ఒక్కొక్కరు కొన్ని కుటుంబాలను తమవిగా తీసుకుని, చదువు సాగినన్నాళ్లు వాళ్ల ఆరోగ్యం చూస్తూ ఉండాలి. ఆ ఏడు దండారి అయిపోయి, దీపావళి వెళ్లిన వారానికి పన్నెండు మంది పిల్లలు, వాళ్ల మేడం బస్సులో మా గూడెం వచ్చారు. వాళ్లలో ముగ్గురికి తప్ప ఎవరికీ గోండి రాదు. మా ముసలివాళ్లకు తెలుగు అంతంత మాత్రం. అందుకని మాట అందించడానికి నన్ను రమ్మన్నారు.

వాళ్ల చేతుల్లో ఒక ఫారం ఉంది. ఇంట్లో ఎంతమంది, ఏం పని, మరుగుదొడ్డి ఉందా, నీళ్లు ఎక్కడివి, బీపీ ఉందా, షుగర్ ఉందా. అన్నీ టిక్కులే. ఒకచోట మాత్రం ‘గ్రామ చరిత్ర’ అని రాసి, కింద రెండు గీతల ఖాళీ ఇచ్చారు. సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని ఆ ఫారాలు సర్దుతుంటే నేను చూశాను. ఒకమ్మాయి ‘సుమారు 60 ఏళ్ల కింద ఏర్పడింది’ అని రాసింది. మరో అబ్బాయి ‘చరిత్ర ఏమీ లేదు’ అని రాశాడు. మిగతావాళ్లు ఖాళీగా వదిలేశారు.

అదే రోజు ఇంకో సంగతి జరిగింది. సికిల్ సెల్ పరీక్ష కోసం వేలి నుంచి చుక్క రక్తం ఇమ్మంటే మా గూడెంలో ఒక పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయన గోండిలో ఏదో అన్నాడు. ‘ముందటి కాగితం ఇచ్చి, తర్వాత రక్తం అడగండి’ అని దాని అర్థం. ఆ ముందటి కాగితం ఏమిటో నాకూ తట్టలేదు. పిల్లలు అడిగితే, ‘పెద్దాయన కదా, ఏదో చాదస్తం’ అని సర్దిచెప్పాను. అబ్బాయి ఫారంలో ‘మూఢనమ్మకం వల్ల పరీక్షకు ఒప్పుకోలేదు’ అని రాసుకున్నాడు.

ఆ రెండు మాటలు, ‘చరిత్ర ఏమీ లేదు’, ‘మూఢనమ్మకం’, రాత్రంతా నా తలలో తిరిగాయి. మర్నాడు మేడంకు చెప్పాను. ‘మేడం, ఈ పిల్లలు నెలకోసారి ఎలాగూ వస్తున్నారు. వచ్చినప్పుడల్లా రెండు గంటలు నాకివ్వండి. ఊరి చరిత్ర ఎలా అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.’ ఆమె మంచి మనిషి. సరేనంది.

డాక్టరుకు చరిత్ర ఎందుకు

మొదటి రోజు పిల్లల్లో ఒకడు నేరుగానే అడిగాడు. ‘సార్, మేం చదవాల్సింది చాలా ఉంది. చరిత్ర మాకెందుకు?’

నేను వాళ్ల పుస్తకంలోని పాఠమే వాళ్లకు చెప్పాను. లండన్‌లో 1854లో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో గత్తర వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లను పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోయి, రోగం వీధి పంపు నీళ్ల నుంచి వస్తోందని చెప్పాడు. ఇది వాళ్లందరికీ వచ్చు. దాని వెనక ఉన్న ఇంకో మనిషి పేరు మాత్రం వాళ్లు వినలేదు. ఆయన హెన్రీ వైట్‌హెడ్, ఆ పేటలోని చర్చిలో చిన్న పాస్టరు. స్నో మాట ఆయన మొదట నమ్మలేదు. అది తప్పని తేల్చుదామని తనే ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరు ఎప్పుడు పడుకున్నారు, ఏ నీళ్లు తాగారు, ఎవరు ఊరు విడిచి వెళ్లారు, అన్నీ అడిగాడు. ఆ మనుషులు తనకు తెలిసినవాళ్లే కాబట్టి చెప్పారు. చివరికి పంపు పక్కింట్లో ఒక పసిబిడ్డకు ముందుగా విరేచనాలు అయ్యాయని, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపు దగ్గరి గుంటలోకి పోయాయని ఆయనే బయటపెట్టాడు. నమ్మనివాడే స్నోకు గట్టి సాక్ష్యం తెచ్చి ఇచ్చాడు.

‘చూశారా, డాక్టరుకు పటం ఉంది, పాస్టరుకు మనుషులు తెలుసు. ఇద్దరూ కలిస్తేనే సంగతి తేలింది. వాళ్లు చేసింది ఒక వీధి చరిత్ర రాయడమే కదా’ అన్నాను.

మన దగ్గరి సంగతి కూడా చెప్పాను. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. అందుకు 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. పిల్లలకు ఆ తేదీ నోటికొచ్చు. ‘మరి ఆ జ్వరంతో మన అడవిలో ఏ ఊళ్లు ఖాళీ అయ్యాయో ఎవరికైనా తెలుసా?’ అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఊళ్లలో ఉంది. అడిగితేనే వస్తుంది.

చరిత్ర ఎవరి దగ్గర ఉంటుంది

రెండో నెల పిల్లలకు ఆధారాల గురించి చెప్పాను. మనకు రాత లేదు కాబట్టి చరిత్ర లేదనే మాట చాలామంది నోట వింటాం. మన గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నాయి. ఏ ఇంటిపేరువాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో పాడి చెప్పడానికి పర్ధాన్లు ఉన్నారు. కిక్రి చేతపట్టుకుని ఒక పర్ధాన్ పెద్దాయన రాత్రంతా కథ చెబితే, దానిలో ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, కరువులు, వలసలు అన్నీ వస్తాయి. ఒకసారి ఆ పిల్లలను రాత్రి ఉంచుకుని వినిపించాం. సగం మంది నిద్రపోయారు, అది వేరే సంగతి. మేలుకున్నవాళ్లు నాలుగు పేజీల ఊరి పేర్లు రాసుకున్నారు.

మన రోజుల లెక్క కూడా వేరు. ‘జ్వరం ఎన్నాళ్ల నుంచి?’ అని డాక్టరు అడిగితే మా ముసలమ్మ ‘అకాడి నుంచి’ అంటుంది. ‘పిల్ల ఎప్పుడు పుట్టింది?’ అంటే ‘నాగోబా జాతర వెళ్లాక’ అంటుంది. పట్నం డాక్టరు దాన్ని ‘సరిగా చెప్పలేదు’ అని రాస్తాడు. ఆమె సరిగానే చెప్పింది. నాగోబా జాతర పుష్య అమావాస్యకు మొదలవుతుందని తెలిస్తే నెల దానంతటదే తెలుస్తుంది. అందుకే పిల్లల చేత ఒక పెద్ద చార్టు వేయించాను. ఒక పక్క ఇంగ్లీషు నెలలు, ఇంకో పక్క అకాడి, పొలాల, దండారి, పుష్య అమావాస్య. ఇప్పుడు ఆ చార్టు మా సబ్‌సెంటర్ గోడకు ఉంది. ఏఎన్‌ఎం సిస్టర్ గర్భిణుల నెలలు దానితోనే లెక్కపెడుతుంది.

కుమ్రం భీం సంగతే తీసుకోండి. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణం ఇచ్చాడు. ఏ తేదీన అంటే పుస్తకాల్లో ఒక్కోచోట ఒక్కో తేదీ కనిపిస్తుంది. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడే వర్ధంతి జరుపుతారు. ఊరు వెన్నెలను గుర్తుపెట్టుకుంది. రాత తప్పు, నోటి మాట ఒప్పు అని నేను చెప్పలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమన్నాను.

ఇంద్రవెల్లి గురించి కూడా అలాగే చెప్పాను. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారని సర్కారు లెక్క. మన ఊళ్లలో చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ‘ఏది నిజం సార్?’ అని ఒకమ్మాయి అడిగింది. ‘ముందు ఇది అడుగు తల్లీ’ అన్నాను. ‘చనిపోయినవాణ్ణి లెక్కలో చేర్చాలంటే ఎవరు రాయాలి? పోలీసు రాయాలి, డాక్టరు రాయాలి. గాయంతో అడవిలోకి పోయి అక్కడే కన్నుమూసినవాణ్ణి ఎవరు రాస్తారు? రేపు మీరు డాక్టర్లై మరణ ధ్రువపత్రం మీద సంతకం పెడతారు. మలేరియాతో పోయినవాడికి మీరు ఉత్త జ్వరం అని రాస్తే, యాభై ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో మలేరియానే లేదని చరిత్ర చెబుతుంది. మీరు రాసే ఓపీ చీటీ కూడా రేపటికి ఆధారమే.’ ఆ మాటకు వాళ్లు కాస్త కదిలినట్టు కనిపించారు.

పెద్దల నోటిమాటకు చట్టంలోనూ చోటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో, పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యమే. పాత ఇళ్ల గుర్తులు, బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యాలే. కాబట్టి పిల్లలు రాసే నోటుబుక్కు వాళ్ల మార్కులకే కాదు, పట్టా లేని మన రైతుకు కూడా అక్కరకు రావచ్చు.

ఐదు ప్రశ్నలు

ఆ తర్వాత పిల్లలకు ఐదు ప్రశ్నలు ఇచ్చాను. ఊరు ఇక్కడికి ఎప్పుడు వచ్చింది, అంతకు ముందు ఎక్కడ ఉంది, ఎందుకు కదిలింది? నీళ్లు ఎక్కడివి, అంతకు ముందు ఎక్కడివి? దారి ఎప్పుడు పడింది, అంతకు ముందు రోగిని ఎలా మోసేవారు? ఇప్పుడు ఏం తింటున్నారు, అప్పుడు ఏం తినేవారు? నాలుగే అనుకున్నాను మొదట. ఐదోది పిల్లలే చేర్చారు: ఇంతకు ముందు వైద్యం పేరుతో ఈ ఊరికి ఎవరెవరు వచ్చారు, ఏం ఇచ్చారు, ఏం తీసుకెళ్లారు?

అడిగే ముందు పటేల్‌ను, దేవారిని కలిసి, ఊరందరి ముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. దేవత గురించి వాళ్లు చెప్పినంతే వినాలి, గుచ్చిగుచ్చి అడగకూడదు. పెర్సపేన్ దగ్గర ఫోన్ తీయకూడదు. చెప్పనన్నవాళ్లను బలవంతపెట్టకూడదు. రాసింది చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లు చెప్పినట్టు దిద్దాలి.

మొదటి ప్రశ్నకే ఊరి పుట్టుక బయటపడింది. మా గూడెం ఇప్పుడున్న చోటికి రెండుసార్లు కదిలి వచ్చింది. మొదటిసారి జంగ్లాత్‌వాళ్లు గీత గీసి, అది సర్కారు అడవి అని గుడిసెలు పీకించారు. నిజాం కాలంలో మన జిల్లాలో చాలా గూడేలకు ఇదే జరిగింది. భీం తిరగబడ్డది కూడా ఆ బాధతోనే. రెండోసారి వాగు ఒడ్డున ఉన్నప్పుడు గత్తర వచ్చింది. ఒకే వానాకాలంలో ఇంటికొకరు పోయారు. దేవారి చెప్పిన మీదట మిగిలినవాళ్లు దేవతను ఎత్తుకుని గట్టు మీదికి వచ్చేశారు. పాత ఊరి రాళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లలు వెళ్లి చూశారు. ‘చావులు ఎక్కువైతే ఊరు మార్చడం మూఢనమ్మకం అనుకున్నాం సార్. చెడిన నీళ్లను వదిలి దూరంగా పోవడం మేం చదివే పాఠమే కదా’ అని ఆ ‘చరిత్ర ఏమీ లేదు’ అని రాసిన అబ్బాయే అన్నాడు.

రెండో ప్రశ్నకు జవాబు దానిలోనే ఉంది. గట్టు మీదికి వచ్చాక నీళ్లు దూరమయ్యాయి. బావి తవ్వేదాకా, ఆ తర్వాత బోరు పడేదాకా ఆడవాళ్లు రెండు కుండలు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కారు. నడివయసు దాటిన మా ఆడవాళ్లలో మెడనొప్పి, నడుంనొప్పి లేనివాళ్లు తక్కువ. ఫారంలో ఆ నొప్పులకు టిక్కు ఉంది, ఆ గట్టుకు లేదు.

దారి గురించి అడిగితే ఆడవాళ్లు చెప్పుకుంటూ పోయారు. వానాకాలం వాగు పొంగితే మంచాన్ని కావడి కట్టి, నలుగురు మోసుకుని, నీళ్లు తగ్గేదాకా ఒడ్డున కూర్చునేవారు. అలా ఒడ్డునే కాన్పయిన బిడ్డ ఇప్పుడు మా ఊళ్లో ఆటో నడుపుతున్నాడు. ఆసుపత్రి కాగితాల్లో ‘రోగిని ఆలస్యంగా తెచ్చారు’ అని ఉంటుంది. వాగు సంగతి దానిలో ఉండదు.

తిండి గురించి అడిగితే జొన్న గట్క, సామలు, కందులు, అడవి కూరలు చెప్పారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాయి. తర్వాత చేలల్లోకి పత్తి వచ్చింది. జొన్న వెనక్కి పోయింది. ఆ బియ్యం కరువులో ప్రాణం నిలబెట్టిందని ముసలివాళ్లు మరిచిపోలేదు. అయితే ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఎందుకని అడిగే డాక్టరుకు ఈ మార్పు కూడా తెలియాలి.

ట్రంకు పెట్టెలో పుస్తకం

ఐదో ప్రశ్న పట్టుకుని పిల్లలు ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లారు. ఈసారి సూది లేదు, ఫారం లేదు. జొన్నరొట్టె తింటూ ఆయన చుట్టూ కూర్చున్నారు. ‘దాదా, ముందటి కాగితం అన్నావు కదా, అదేమిటి?’ అని గోండి వచ్చిన అమ్మాయి అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. ‘మీ సార్‌ను అడగండి. ఆయన బడిలోనే కదా తీశారు’ అన్నాడు.

నాకు చప్పున గుర్తు రాలేదు. ఇంటికి వెళ్లి బడి పాత కాగితాల ట్రంకు పెట్టె తీశాను. దినచర్య పుస్తకాల్లో 2007 వానాకాలం పేజీ దొరికింది. నా చేతిరాతే. ‘ఈ రోజు పట్టణం నుండి వచ్చిన బృందం వారు విద్యార్థులకు రక్త పరీక్షలు జరిపినారు. 31 మంది హాజరు. ఫలితములు తదుపరి పంపబడును.’ కింద నా సంతకం, బడి ముద్ర.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. నేను ఆ బడికి కొత్త. ఒక్కణ్ణే టీచర్ని. జీపులో వచ్చినవాళ్లు పెద్ద చదువులవాళ్లు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. పిల్లలను వరసలో నిలబెట్టమంటే నిలబెట్టాను. తల్లిదండ్రులు పొలం పనుల్లో ఉన్నారు, సంతకాలు మీరే పెట్టండి అన్నారు. 31 పేర్ల ఎదురుగా 31 సంతకాలు పెట్టాను. పిల్లలకు తలా రెండు బిస్కెట్లు ఇచ్చారు. జీపు వెళ్లిపోయింది. ఫలితాలు రాలేదు. నేను అడగలేదు. రెండేళ్లకు నాకు వేరే ఊరికి బదిలీ అయింది. తిరిగి ఆ బడికే వచ్చేసరికి నేను అంతా మరిచిపోయాను. ఊరు మరిచిపోలేదు.

పెద్దాయన మనవరాలు ఆ 31 మందిలో ఒకతె. ఆ రోజు ఇంటికి వెళ్లి తాతకు చెయ్యి చూపించిందట. కాగితం వస్తుందని సార్ చెప్పాడని చెప్పిందట. ఆమె ఎదిగే వయసులోనే కీళ్లు పట్టేసేవి, ఒళ్లంతా నొప్పులు. వాతం అని పసరు పోశారు, ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించారు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో ప్రాణం మీదికి వచ్చి ఎలాగో బయటపడింది. 2023లో ఈ డాక్టరు పిల్లలు వచ్చాకే, పెద్ద పరీక్ష చేయించాకే, అది సికిల్ సెల్ జబ్బని తేలింది.

ఈ జబ్బు మన దేశంలో ఉందని 1952లోనే నీలగిరి ఆదివాసుల్లో కనిపెట్టారు. మన దగ్గర ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేయడం, కార్డులివ్వడం 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమంతో పెరిగింది. 2007లో ఆ జీపువాళ్లు చూసింది ఇదే జబ్బో కాదో నాకు తెలియదు. అయితే ఆ రోజు రక్తం తీసినవాళ్లు ఒక కాగితం పంపి ఉంటే, లేదా నేను నాలుగుసార్లు తిరిగి అడిగి ఉంటే, ఆ పిల్ల గురించి ఏదో ఒకటి ముందే తెలిసేదేమో. ఈ ‘ఏమో’ నన్ను విడిచిపెట్టడం లేదు.

పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆ పేజీ చూపించాను. ‘దాదా, తప్పు నాది కూడా’ అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. ‘నువ్వూ అప్పుడు పిల్లగాడివే’ అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపి, ‘ఇప్పుడు తీసుకోండి. కాగితం మాత్రం నా చేతికి ఇవ్వాలి’ అన్నాడు.

‘మూఢనమ్మకం’ అని రాసిన అబ్బాయి పాత ఫారం అడిగి తీసుకుని ఆ మాట కొట్టేశాడు. దాని పక్కన ‘2007లో తీసిన పరీక్షల ఫలితం ఇవ్వలేదు కాబట్టి’ అని రాశాడు. నేను వాళ్లకు చెప్పిన పాఠాలన్నిటిలోకీ ఆ ఒక్క గీత నాకు తృప్తి.

సంతకం సంగతి

ఇది మా ఒక్క గూడెం కథ అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ఏజెన్సీతో సహా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా ఇచ్చే ప్రాజెక్టు జరిగింది. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే కోయ పిల్లలు, పేద పిల్లలు. ఎన్నో ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. గొడవలయ్యాక 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఆ అనుమతుల తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా చెడ్డదని నేను అనడం లేదు. లోకమంతా ఇస్తున్న టీకా అది, మన పిల్లలకూ అందాలి. నా బాధ సంతకం గురించి. తల్లి ఊళ్లో ఉండగా, తండ్రి బతికి ఉండగా, వాళ్లను అడగకుండా మేం మాస్టర్లం సంతకం పెట్టేశాం. మనవాళ్లకు చదువు రాదు కదా, చెప్పినా అర్థం కాదు కదా అనుకున్నాం. మనలో చదువుకున్నవాళ్లమే మనవాళ్లను అలా చూస్తే, బయటివాళ్లను ఏమనగలం? ఆ తర్వాత ఏ టీకా వచ్చినా ఆ ఊళ్లలో తల్లి గడప దగ్గర ఆగి ఆలోచిస్తే, అది భయమో అజ్ఞానమో అని రాసే ముందు 2009 గుర్తు చేసుకోవాలి.

అడిగింది ఊరికి తిరిగి ఇవ్వాలి

మన జిల్లాలో బయటి నుంచి వచ్చి అడిగినవాళ్లలో అందరూ తీసుకుని పోయినవాళ్లే కాదు. భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం పంపితే వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి, గోండి నేర్చుకుని, మన భూముల బాధ సర్కారుకు రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు మాస్టర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. ఈ రోజు నేను చాక్‌పీస్ పట్టుకున్నానంటే దాని మొదలు అక్కడే ఉంది. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో చనిపోయిన ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. ఆయన రాసినవాటిలో మనకు నచ్చనివీ ఉండవచ్చు. అయినా ఊరు ఆయనకు తన మట్టిలో చోటిచ్చింది, తీసుకున్నదానికి బదులు ఏదో తిరిగి ఇచ్చాడు కాబట్టి.

నేను ఆ పిల్లలను చివరి నెల మార్లవాయి తీసుకెళ్లి ఆ రెండు సమాధులు చూపించాను. పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ‘మీరు ఈ జిల్లాలో ఎన్నాళ్లుంటారో తెలియదు. ఉన్నన్నాళ్లు తీసుకెళ్లినదానికి కాగితం తెచ్చి ఇవ్వండి’ అన్నాను.

వాళ్లు రాసిన ఊరి చరిత్ర 64 పేజీల నోటుబుక్కు అయింది. మూడు ప్రతులు తీశాం. ఒకటి కాలేజీకి, ఒకటి పటేల్ ఇంటికి, ఒకటి బడికి. పటేల్ ఇంట్లోని ప్రతిని దేవారి ముందు చదివి వినిపించినప్పుడు ఊరు తొమ్మిది తప్పులు పట్టుకుంది. ఎర్ర ఇంకుతో దిద్దాం. చివర 2007 పేజీ నకలు అంటించాను, నా సంతకంతో సహా. తీసేయమని కొందరు మిత్రులన్నారు. నేను తీయలేదు.

చదువుకున్న మన పిల్లలకు, మన మాస్టర్లకు ఒక మాట. మీ ఊళ్లో కూడా ఒక నోటుబుక్కు పెట్టండి. ఆ ఐదు ప్రశ్నలు మీ పెద్దలను అడిగి రాయండి. ఊరికి వైద్యం పేరుతో, సర్వే పేరుతో ఎవరు వచ్చినా తేదీ, పేరు, ఏం తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగి ఇస్తామన్నారు, అన్నీ రాసి వాళ్ల సంతకం తీసుకోండి. ఇన్నాళ్లూ మనమే వాళ్ల కాగితాల మీద సంతకాలు పెట్టాం. ఇక వాళ్లు కూడా మన పుస్తకంలో పెట్టాలి.

పెద్దాయనకు కాగితం అందింది. ఆయనకు జబ్బు లేదు, వాహకుడు మాత్రమే. ఆ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లావణి పట్టా కాగితంతో కలిపి దూలానికి వేలాడదీశాడు. మనవరాలికి ఇప్పుడు మందులు అందుతున్నాయి, నొప్పులు కొంత తగ్గాయి. ఆమె ఇద్దరు పిల్లలకూ పరీక్ష చేయించాం. ఆ కాగితాలు రావాల్సిన తేదీ నోటుబుక్కులో రాసుకున్నాం. ఆ రోజు రాకపోతే వెళ్లి అడగడానికి ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను.